విద్యార్థుల విషమాశనము – పథ్యాపథ్య విచారము

శరీరమను గృహమును నిలుపు ఉపస్తంభములు మూడని చరకసంహిత చెప్పుచున్నది. అవి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము. వానిలో ఆహారమునకు ప్రథమస్థానమిచ్చిరి. నేడు ఉన్నత విద్యకై ఇల్లు విడిచిన మన పిల్లలలో మొదట సడలుచున్నది ఈ స్తంభమే.

పులివెందులలో 2006లోను, ప్రొద్దుటూరులో 2008లోను ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. అయినను పొరుగు రాష్ట్రముల నగరములకు పోయి చదువు పిల్లలు మన జిల్లాలో పెక్కుమంది కలరు. పరీక్షల అనంతరము వారు సెలవులకు వచ్చినపుడు, తల్లులు నా వైద్యశాలకు తోడ్కొని వత్తురు. "ఇంటికొచ్చినా సంగటి ముట్టడు సామీ, ఎప్పుడు జూసినా నూడుల్సే" అని ఒక తల్లి మొన్న వాపోయినది.

నా పొరపాటు

కొన్నేండ్ల క్రిందట జమ్మలమడుగు ప్రాంతపు విద్యార్థిని ఒకతె వచ్చినది. నీరసము, కేశపతనము, మెట్లెక్కిన ఆయాసము, చదివినది నిలువకపోవుట ఆమె బాధలు. నాడి చూచి అగ్నిమాంద్యమని తలచి, దీపన చూర్ణమును, బలమునకు లేహ్యమును ఇచ్చితిని. ఆరు వారములు గడచినను గుణము కానరాలేదు. ఒకనాడు ఆమె స్పృహతప్పి పడిపోగా, ఆంగ్లవైద్యులు రక్తపరీక్ష చేయించిరి. హిమోగ్లోబిన్ 7 గ్రాములు మాత్రమే ఉన్నది. స్త్రీలకు 12 గ్రాములకు తగ్గిన రక్తహీనత. 8 గ్రాములకు తగ్గిన అది తీవ్రమైనది.

అప్పుడు నేను అడిగినది మొదటనే అడుగవలసిన ప్రశ్న: "అమ్మా, లేచినది మొదలు పడుకొనువరకు ఏమేమి తినెదవు?" ఉదయము ఏమియు లేదు, పదకొండు గంటలకు టీ, బిస్కట్లు, మూడు గంటలకు తెల్ల అన్నము, నీళ్ల చారు, వెంటనే టీ, రాత్రి పదకొండు గంటలకు నూడుల్సు. "నాడి పట్టుటకు ముందు విస్తరి సంగతి అడుగుము" అని గురుకులములో మా గురువుగారు చెప్పిన మాటను నేను మరచితిని. ఆమె ఆ యేడు ఒక పరీక్ష వ్రాయలేకపోయినది. వైద్యులిచ్చిన ఇనుము మాత్రలతోను, ఆహారపు మార్పుతోను క్రమముగా కోలుకున్నది. పోయిన ఆరు వారములు మాత్రము నా లెక్కలోనివే.

ఇది ఒక్కరి కథ కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది.

శాస్త్రము చెప్పు మూడు దోషములు

పథ్యాపథ్యములను కలిపి తినుట సమశనము. వేళ తప్పియో, మితము తప్పియో తినుట విషమాశనము. మునుపు తిన్నది జీర్ణము కాకమునుపే మరల తినుట అధ్యశనము. వసతిగృహ విద్యార్థి దినచర్యలో ఈ మూడును కలవు. ఉదయము లంఘనము, సాయంకాలము బజ్జీలు, అర్ధరాత్రి భోజనము! జఠరాగ్ని ఇట్టి అనిశ్చయమును సహింపదు. ఆమ్లపిత్తము, మలబద్ధము, నిద్రాభంగము వరుసగా ప్రాప్తించును.

దోషమంతయు పిల్లలది కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చిన పిదప బీదల యింట ఆకలి తీరినది, అది మేలే. కాని ఆ కాలము నుండి రాగి, జొన్న, కొఱ్ఱలు మన వంటింట వెనుకబడినవి. సంగటి మోటు తిండి అని మనమే పిల్లలకు నేర్పితిమి. 100 గ్రాముల రాగులలో కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములుండగా, పాలిషు బియ్యములో 10 మిల్లీగ్రాములైనను లేదు.

ఆచరింపదగిన క్రమము

*ఉదయము:* మజ్జిగ కలిపిన రాగి అంబలి. లేదా పుట్నాలపొడి, వేరుశనగపప్పు చేర్చిన బొరుగుల ఉగ్గాని. బజ్జీలు నిత్యము వలదు.

*మధ్యాహ్నము:* ఆకుకూర పప్పుతో అన్నము, పైన నిమ్మరసము. పులుపులోని 'సి' విటమిను ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. భోజనమునకు ముందు గంట, పిదప గంట టీ, కాఫీలు త్రాగరాదు. అవి ఇనుమును ఒంటబట్టనీయవు.

*సాయంకాలము:* నువ్వుల ఉండ గాని, పులివెందుల సీమలో సమృద్ధిగా పండు అరటి, చీనీ పండ్లలో ఒకటి గాని.

*రాత్రి:* ఎనిమిది గంటల లోపల లఘుభోజనము. రాత్రి పెరుగు నిషిద్ధము, మజ్జిగ మేలు. ఉదరములో ఒక భాగము ఘనాహారమునకు, ఒక భాగము ద్రవమునకు, ఒక భాగము దోషముల సంచారమునకు విడువవలెను.

*ఇంటి నుండి పంపదగినవి:* కరివేపాకు పొడి, మునగాకు పొడి, వేయించిన శనగలు, బెల్లపు వేరుశనగ ఉండలు, జొన్న కటిక రొట్టెలు. పొడులలో ఉప్పు తగ్గింపుడు. దినమునకు మొత్తము 5 గ్రాములు మించరాదు.

గృహచికిత్స

ఆకలి మందగించినపుడు భోజనమునకు ముందు చిన్న అల్లము ముక్కను సైంధవ లవణముతో నమలవలెను. కడుపులో మంట ఉన్నవారు దీనిని వాడరాదు. వేయించిన జీలకఱ్ఱ పొడిని పలుచని మజ్జిగతో సేవింపవచ్చును. నల్లని మలము, అకారణముగా బరువు తగ్గుట, ఆయాసము ఉన్నచో చిట్కాలతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించి వైద్యుని సంప్రదింపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోనులో "మార్కులెన్ని?" అని అడుగుటకు ముందు "నేడు ఏ వేళకు, ఏమి తింటివి?" అని అడుగుడు. నేను ఆలస్యముగా అడిగిన ప్రశ్న అది. మీరు ఆలస్యము చేయకుడు.