గాలి ట్యాంకు: ఇచ్చేముందు తెలుసుకోవలసినవి

గాజువాక ఆటోనగర్‌లో నాలుగు అడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట కంప్రెషరు మోత వినిపిస్తుంది. పోర్టు నుంచి, ఉక్కు కర్మాగారం నుంచి సరుకు మోసే లారీలకు గాలి పట్టాలి, టైర్లు మార్చాలి, డెంటింగు చేసిన బాడీకి రంగు కొట్టాలి. వీటన్నిటికీ గాలే ఆధారం. అందుకే మన సంఘాన్ని ఉపాధి సాయం అడిగే యువకుల్లో చాలామంది కంప్రెషరే కోరుతున్నారు, దాతలు కూడా సంతోషంగా ఇస్తున్నారు. ఇచ్చే వస్తువు గురించి కొంత తెలుసుకొని ఇస్తే మేలని ఈ పాఠం రాస్తున్నాం.

నిరుడు మా పాత విద్యార్థి ఒకరి టైర్ల దుకాణానికి వెళ్లాం. తక్కువ ధరకు దొరికిందని సెకండ్ హ్యాండ్ కంప్రెషరు కొన్నాడు. ట్యాంకు అడుగున అరచేయంత వెల్డింగు అతుకు కనిపించింది.

"ఇది ఎవరు వేశారు బాబూ?" అని అడిగాం.

"పాత ఓనరు వేయించాడు మాస్టారూ. గాలి కారడం లేదు కదా, గేజి కూడా బాగానే చూపిస్తోంది" అన్నాడు.

చదువులో చురుకైన పిల్లవాడే. గాలి కారకపోతే ట్యాంకు గట్టిగా ఉన్నట్టేనని అనుకున్నాడు. తరగతిలో బాయిల్ నియమం చెప్పింది మేమే. దాన్ని ట్యాంకు దాకా తీసుకువెళ్లి చూపించలేదు.

ఇప్పుడు చూపిస్తాం. 200 లీటర్ల ట్యాంకులో చదరపు సెంటీమీటరుకు 8 కిలోల ఒత్తిడి ఉందంటే, బయట 1,800 లీటర్ల చోటు పట్టే గాలిని అందులో కుక్కామన్నమాట. ట్యాంకు అడ్డకొలత 45 సెంటీమీటర్లయితే, ఒక్కో పక్క మూత వైశాల్యం దాదాపు 1,590 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 8తో గుణిస్తే 12,700 కిలోలు దాటుతుంది. అంటే పన్నెండున్నర టన్నులకు పైగా బలం ఒక్క మూతను లోపలి నుంచి తోస్తోంది. దుకాణంలో కుర్రాళ్లు అదే ట్యాంకు మీద టీ గ్లాసులు పెడతారు, దాని పక్కనే కూర్చుని అన్నం తింటారు!

ఈ బలాన్ని ఆపేది కొన్ని మిల్లీమీటర్ల ఇనుప రేకు. మన ఊళ్లో ఆ రేకుకు పెద్ద శత్రువు నీరు. సముద్రం పక్కనున్న విశాఖలో ఉక్కపోత రోజున ఘనమీటరు గాలిలో 25 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉండవచ్చు. ఓ మోస్తరు కంప్రెషరు రోజు మొత్తంలో 80 ఘనమీటర్ల గాలి పీల్చిందనుకుంటే దానితో 2 లీటర్ల నీరు వచ్చినట్టే. గాలిని నొక్కి చల్లబరిచినప్పుడు ఆ ఆవిరిలో ఎక్కువ భాగం నీరవుతుంది. కొంత పైపుల్లోకి పోయినా మిగిలినది ట్యాంకు అడుగున చేరి లోపలి నుంచి రేకును తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. అడుగునున్న డ్రెయిన్ కాక్ తిప్పి రోజూ ఆ నీటిని వదిలేయడం ఒక్క నిమిషం పని. మేము అడిగిన దుకాణాల్లో ఆ పని రోజూ చేసేవారు ఇద్దరో ముగ్గురో కనిపించారు.

అలా పలచబడిన రేకు మీద అతుకు వేస్తే, చుట్టుపక్కల రేకు కూడా పలచనిదే కదా! వెల్డింగు వేడికి అది ఇంకా బలహీనపడవచ్చు. ట్యాంకును గాలితో పరీక్షించి 'బాగుంది' అనడం కూడా ప్రమాదమే. సరైన పరీక్ష నీటితో చేస్తారు. ట్యాంకు నిండా నీరు పట్టి, పనిచేసే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి ఇస్తారు. నీరు గాలిలా నొక్కుకుపోదు. రేకు చిట్లితే నీరు చిమ్మి ఒత్తిడి వెంటనే పడిపోతుంది. అదే గాలయితే ఒక్కసారిగా వ్యాకోచించి రేకు ముక్కల్ని విసిరేస్తుంది.

సేఫ్టీ వాల్వు సంగతి చూద్దాం. నిర్ణీత ఒత్తిడి రాగానే మోటారును ఆపేది ప్రెషర్ స్విచ్చి. అది చెడిపోతే మిగిలే దిక్కు సేఫ్టీ వాల్వే. గాలి కారుతోందని దాన్ని తీసేసి బోల్టు బిగించిన చోట్లు మేము కళ్లారా చూశాం. మిగిలిన లోపాలు ఎన్నున్నా సరే, అలాంటి కంప్రెషరును మాత్రం ఒక్క గంట కూడా నడపకూడదు.

గాలి పైపుతో ఒంటి మీద దుమ్ము దులుపుకోవడం చాలామందికి అలవాటు. దుకాణంలో గాలి చదరపు అంగుళానికి 120 పౌండ్లు ఉంటుంది. అమెరికా నిబంధనల్లో యంత్రాలు శుభ్రం చేసే గాలికే 30 పౌండ్లలోపు అని హద్దు పెట్టారు, అదీ కళ్లకు రక్షణ ఉంటేనే. చర్మం మీద గాయముంటే గాలి లోపలికి చొరబడవచ్చు. సరదాకి తోటి కుర్రాడి మలద్వారం దగ్గర పైపు పెట్టడంతో పేగులు చిట్లి ప్రాణాలు పోయిన వార్తలు మన దేశంలోనే వచ్చాయి. రాయడానికి ఇబ్బందిగానే ఉంది. కానీ ఆ పిల్లలకు ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

రింగు ఉన్న లారీ చక్రానికి గాలి పట్టేటప్పుడు రింగు సరిగా కూర్చోకపోతే ఫిరంగి గుండులా ఎగురుతుంది. చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి, పొడవాటి పైపుతో పక్కన నిలబడి గాలి పట్టాలి. ఎదురుగా నిలబడకూడదు, చక్రం మీదికి వంగకూడదు.

పెద్ద కర్మాగారాల్లో వీటన్నిటికీ ఒక పద్ధతి ఉంది. ఒత్తిడితో నడిచే ఏ పరికరమూ సురక్షిత ఒత్తిడిని మించకుండా తగిన ఏర్పాట్లు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షనులోనే నిర్దేశించారు. అర్హుడైన పరీక్షకుడు వచ్చి ట్యాంకులు చూసి కాగితం రాసి ఇస్తాడు. ఇద్దరు ముగ్గురు పనిచేసే దుకాణం ఆ చట్టం కిందికి వచ్చేది కాదు, అక్కడికి వచ్చి ట్యాంకు చూసేవారుండరు. మనం సాయం చేసేది అలాంటి దుకాణాలకే.

కాబట్టి దాతలకు మా మనవి ఒక్కటే. పాత కంప్రెషర్లు రెండు ఇచ్చే బదులు, తయారీదారు ప్లేటు మీద పనిచేసే ఒత్తిడి రాసి ఉన్న కొత్తది ఒకటి ఇవ్వండి. బెల్టు గార్డు, కళ్లద్దాలు, టైర్ల పనివాడికైతే ఇనుప బోను, ఎప్పటికప్పుడు ట్యాంకు పరీక్షకు అయ్యే ఖర్చు కూడా ఆ సాయంలోనే కలపండి. సంఖ్య తగ్గితే నివేదికలో చిన్నగా కనిపిస్తుందేమో, కనిపించనివ్వండి.

మా విద్యార్థి దుకాణానికి ఇద్దరు దాతలు కలిసి కొత్త ట్యాంకు కొనిచ్చారు. పాతదాన్ని అలాగే అమ్మితే మరో దుకాణానికి చేరుతుందని, గాలంతా వదిలేశాక గ్యాసు కట్టరుతో రెండు ముక్కలు చేయించి తుక్కు కింద తూకానికి వేశాం. కోసినప్పుడు లోపలి నుంచి రెండు దోసిళ్ల తుప్పు రాలింది. అతుకు పక్కన ఒకచోట రేకు పోస్టుకార్డు మందమే మిగిలింది. ఆ ముక్కను అడిగి తెచ్చుకున్నాం. ఇప్పుడది మా బడిలో సైన్సు బీరువాలో ఉంది.