కొత్తగా పాడి పెట్టేవారు ముందు వేయవలసిన లెక్క

తనిఖీకి వెళ్ళినప్పుడు నగదు పుస్తకం ముగించిన తరువాత మేము సభ్యుల పాల లెడ్జరు తీస్తాం. అందులో మేము చూడవలసినవి కూడికలు, బకాయిలు, బోనసు పంపకం. కాని ఏళ్ళ తరబడి ఆ పుస్తకాలు తిరగేసిన మీదట ఒక రకం పేజీని చూడగానే గుర్తుపట్టడం అలవాటైంది. కొత్తగా చేరిన సభ్యుడు. మొదటి నెల పూటకు 4 లీటర్ల చొప్పున రెండు పూటలు. ఆరు నెలలకు పూటకు రెండున్నర. ఆ తరువాత ఉదయం పూట మాత్రమే. పదో నెల దాటాక గీత. అక్కడి నుంచి పేజీ ఖాళీ. సంఘం మారినా, మండలం మారినా ఈ పేజీ తీరు మారదు.

పాత సభ్యుల పేజీలలోనూ ఖాళీలు ఉంటాయి. కాని నాలుగైదు నెలలకు మళ్ళీ అంకెలు మొదలవుతాయి. కొత్తవారి పేజీలలో అవి మళ్ళీ ఎందుకు మొదలు కావడం లేదన్నదే ఈ పాఠం.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామంలో జరిగిన సంగతి చెబుతాం. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదులో ఉద్యోగం పోయిన ఒక యువకుడు భార్యాబిడ్డలతో స్వగ్రామం చేరాడు. ఎకరంన్నర భూమి ఉన్నది. కష్టపడే మనిషి. బ్యాంకు అప్పు తీసుకుని ఒకే సంతలో, ఒకే రోజున, ఒకే లారీలో నాలుగు గ్రేడెడ్ ముర్రా గేదెలు తోలుకొచ్చాడు. నాలుగూ ఈని నెల తిరగనివే. మొదటి నెలలో రోజుకు 28 లీటర్ల వరకు కేంద్రంలో పోశాడు. పాలకవర్గం సంతోషించింది, ఆ అప్పుకు సిఫారసు చేసిన కాగితం మీద సంతకం పెట్టిన మేమూ సంతోషించాం. పదకొండో నెలకు నాలుగు గేదెలూ ఒట్టిపోయాయి. నాలుగింటిలో ఒకటే చూడిది. గడ్డి కొనడానికి ఒక గేదెను, బ్యాంకు వాయిదాకు ఇంకొక దానిని అమ్మాడు. ఒట్టిపోయిన గేదెకు సంతలో ఏ ధర పలుకుతుందో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

"సార్, నేను ఎక్కడ తప్పు చేశాను?" అని అతడు మమ్మల్ని అడిగాడు. అతని లెక్క కాగితం తెప్పించి చూశాం. 8 లీటర్లను 365తో హెచ్చవేసి ఉన్నది. గేదెకు ఏడాదికి 2,920 లీటర్లు. ఆ కాగితం సిఫారసుకు ముందు మా బల్ల మీదికీ వచ్చింది. నెలాఖరు తొందరలో మేము ఆ హెచ్చవేత చూడలేదు. ఆ తప్పులో మా పాలు కూడా ఉన్నది.

ఇప్పుడు అసలు లెక్క వేసి చూద్దాం. 8 లీటర్లు ఇచ్చే గేదె ఆ 8 లీటర్లు ఇచ్చేది ఈనిన తరువాత రెండు మూడు నెలలు మాత్రమే. ఆ మీదట దిగుతూ వస్తుంది. 300 రోజుల పాడిలో సగటున ఐదున్నర లీటర్లు వస్తే మంచి గేదె కిందే లెక్క. అంటే మొత్తం 1,650 లీటర్లు. గేదె చూలు 310 రోజులు. ఈనిన నాలుగున్నర నెలలకు చూలు నిలిస్తే ఈతకూ ఈతకూ మధ్య 450 రోజులు పడుతుంది. మన గ్రామాలలో ఇంతకంటె ఆలస్యమయ్యేవే ఎక్కువ. 1,650 లీటర్లను 450 రోజులకు పంచితే రోజుకు 3 లీటర్ల 650 మిల్లీలీటర్ల పైచిలుకు. ఏడాదికి సుమారు 1,340 లీటర్లు. కాగితం మీద వేసుకున్నదానిలో సగం కూడా లేదు. దీనిలోంచే ఇంటి వాడకానికీ, దూడకూ పోవాలి. సంతలో 8 లీటర్ల గేదె అని కొన్నది మన కొట్టంలో మూడున్నర లీటర్ల గేదె అయింది. మేత మాత్రం 450 రోజులూ తింటుంది. బ్యాంకు వడ్డీకి ఒట్టిపోయిన రోజులంటూ వేరే ఉండవు.

ఈ లెక్క చూసి వెనుకంజ వేయమని మా ఉద్దేశం కాదు. ఈ లెక్క తెలిసినవారికి పాడి గిట్టుబాటు అవుతూనే ఉన్నది. కాని దీని నుంచి మొదట తేలే విషయం ఒకటున్నది. అన్ని పశువులనూ ఒకే రోజున కొనకూడదు. 1978లో వచ్చిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద రెండు పాడి పశువులు ఇప్పించేటప్పుడు రెండవదానిని ఆరు నెలల తరువాతనే కొనిపించాలన్న నియమం ఉండేది. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో దానిని ఉత్త కాగితాల జాప్యం అనుకునేవాళ్ళం. లబ్ధిదారులూ విసుక్కునేవారు. ఆ నియమం పెట్టినవారు పాల లెక్క తెలిసినవారని మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మొదటి గేదె పాలు తగ్గే వేళకు రెండవది ఈని ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది నెలల ఎడం ఉంటే రెండూ ఒకేసారి ఒట్టిపోయే కాలం రాదు. ఈ ఎడంలో ఇంకొక లాభమున్నది. కొత్తవాడు చేసే తప్పులు ఒక్క గేదెతోనే పోతాయి.

గేదె కంటె ముందు గడ్డి రావాలి. హైబ్రిడ్ నేపియర్ కణుపులు నాటితే మొదటి కోత రావడానికి రెండున్నర నెలలు పడుతుంది, ఆ తరువాత 40, 45 రోజులకు ఒక కోత. గేదెను తెచ్చి కట్టి, అప్పుడు కణుపుల కోసం తిరిగితే ఆ రెండున్నర నెలలూ, అంటే గేదె ఎక్కువ పాలిచ్చే రోజులన్నీ, ఎండు వరిగడ్డి మీదనే గడిచిపోతాయి. నీటి వసతి ఉన్న 20 సెంట్లు ఒక గేదెకు కేటాయించుకుంటే పచ్చిమేతకు చింత ఉండదు. రోజుకు 25 నుంచి 30 కిలోలు కావాలి. డెల్టాలో వరి కోతకు ముందు చేలో పిల్లిపెసర చల్లడం మన పెద్దల నాటి పద్ధతి. మినుము, పెసర ధర చూసుకుని చాలామంది దానిని మానేశారు. పాడి పెట్టదలచినవారు అర ఎకరమైనా చల్లుకోవాలి. అసలు ఇబ్బంది వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత వస్తుంది. బోరు లేనివారు ఆ మూడు నెలలకు ముందే మేత పాతర వేసుకోవాలి, లేదా వరిగడ్డిని యూరియాతో మాగబెట్టుకోవాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. యూరియాను దాణాలోనో కుడితిలోనో కలిపితే పశువు దక్కదు. ఎదగని జొన్న పైరు మేపి నాము తగిలి పశువులను పోగొట్టుకున్నవారినీ చూశాం.

దాణా విషయంలో కొత్తవారిది ఒకే పొరపాటు. పాలు ఉన్నప్పుడు పెడతారు, తగ్గగానే మానేస్తారు. ఒంటి పోషణకు కిలోన్నర నుంచి రెండు కిలోలు, ఆ పైన ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో. ఇది లెక్క. చూడి గేదెకు చివరి రెండు నెలలలో పాలు లేకపోయినా మరొక కిలో అదనంగా పెట్టాలి. వచ్చే ఈతలో పాలు అప్పుడే తయారవుతాయి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు.

కొనుగోలు సంగతి. సంతకు వచ్చే గేదెను ఒక పూట పితకకుండా పొదుగు నింపి తెస్తారు. కాబట్టి మొదటి పూట పాలు చూసి బేరం చేయరాదు. ఆ పాలు తీయించి, తరువాతి రెండు పూటలు దగ్గర నిలబడి పితికించి, ఆ రెండూ కలిపితేనే రోజు పాడి. వీలైతే సంతలో కాక రైతు ఇంటి దగ్గరే కొనాలి. పాల కోసం సూది మందుకు అలవాటు పడిన గేదె మన ఇంట చేపకు రాదు. అటువంటి సూదులు పశువు ఆరోగ్యానికి చేటు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద శిక్ష కూడా ఉన్నది. వెంట వచ్చిన దూడ ఆ గేదెదేనా అన్నది కూడా చూసుకోవాలి. హర్యానాలోని రోహతక్, హిస్సార్ వైపు నుంచి లారీలలో తెప్పించేవారూ ఉన్నారు. అన్ని రోజుల ప్రయాణం, నీరు మార్పు, మేత మార్పు కలిసి అక్కడ చూసిన పాలు ఇక్కడ రావు. మొదటి గేదెను అంత దూరం నుంచి తేవద్దని మా సలహా. భీమా, చెవిపోగు కొన్ననాడే పూర్తి చేయించాలి.

ఇక అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసేదీ, ఏ పుస్తకంలోనూ జమ ఖర్చు పడనిదీ తప్పిపోయిన ఎద. గేదె 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఆవు మాదిరిగా అరిచి గోల చేయదు. చాలావాటిది మూగ ఎద. అది కూడా రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువ. వేసవిలో మరీ కనపడదు. పాలు కొంచెం తగ్గించడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పడుకున్న చోట తీగలాంటి తెల్లని జిగురు, ఇవే గుర్తులు. పేడ తీసేటప్పుడు చూసుకోకపోతే పశువు తోకతో తుడిచేస్తుంది, కాలితో తొక్కేస్తుంది. ఉదయం ఎద కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మరునాటి ఉదయం సూది వేయించాలి. ఒక ఎద తప్పితే 21 రోజుల మేత దండగ. మూడు తప్పితే 450 రోజులు కాస్తా 513 రోజులవుతాయి, రోజు సగటు 3 లీటర్ల 200కు దిగుతుంది. ఈనిన 60 రోజుల నుంచి ఎద కోసం కనిపెట్టి ఉండాలి. 90 రోజులు దాటినా కనపడకపోతే డాక్టరుకు చూపాలి. సూది వేయించి మూడు నెలలు నిండగానే చూలు పరీక్ష చేయించాలి. మా యువకుని నాలుగు గేదెలలో మూడింటికి చూలు లేదని తెలిసింది అవి ఒట్టిపోయిన తరువాతనే.

కొట్టంలో ఎద కనిపెట్టేది ఎవరు? తెల్లవారుజామున పేడ తీసేది చాలా ఇళ్ళలో ఆడవారే. గేదెను కొనేటప్పుడు వారిని ఎవరూ అడగరు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నదా, రెండు పూటలా ఆ పని వారికి వీలవుతుందా అన్నది అప్పు దరఖాస్తులో ఒక కాలమ్‌గా ఉండవలసిందని మాకు అనిపిస్తుంది.

దూడను గూర్చి రెండు మాటలు. మన గేదెలలో చాలావరకు దూడ లేనిదే చేపవు. దూడ చనిపోతే ఆ ఈత పాలు సగం పోయినట్లే. పుట్టిన గంట, రెండు గంటలలో జున్నుపాలు తాగించాలి. మాయ పడేదాకా ఆగాలన్న పాత నమ్మకం వదులుకోవాలి. గేదె దూడకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి, కాబట్టి పదో రోజుకల్లా మందు పట్టించాలి. దూడకు మిగల్చవలసిన పాలు మొదట తాగించాలి గాని చివర వదలరాదు. వెన్న ఎక్కువగా ఉండేది చివరి ధారలలోనే. చివరి పాలు దూడకు వదిలి, మొదటి పాలు కేంద్రానికి తెచ్చి, వెన్న శాతం తక్కువ పడిందని పరీక్షకునితో పోట్లాడిన కొత్త సభ్యుల ఫిర్యాదులు మేము విచారించినవే చాలా ఉన్నాయి.

గొంతువాపు టీకా తొలకరికి ముందు, గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు. కొట్టానికి మొదట్లోనే సిమెంటు, రేకులు అక్కరలేదు. జారని గట్టి నేల, మూత్రం పారే వాలు, తాటాకు నీడ, వేసవిలో రెండు పూటలా కడగడానికి నీరు ఉంటే చాలు. ఆ మిగిలిన డబ్బును ఆరు నెలల దాణాకు విడిగా ఉంచుకోవాలి. పశువు కొనడానికి తెచ్చిన అప్పంతా పశువు మీదనే పెట్టడం పొరపాటు. 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు పాడి రైతులకూ ఇస్తున్నారు, మేత ఖర్చుకు అది వాడుకోవచ్చు.

ఆ యువకుడు పాడి మానలేదు. మిగిలిన రెండు గేదెలలో చూడిది ఈనింది. రెండవదానికి వైద్యం చేయించి, ఏడు నెలల తేడాతో ఈనేలా చూసుకున్నాడు. మూడవదానిని ఆ రెండింటి మధ్య నెల చూసుకుని పక్క ఊరి రైతు ఇంటి దగ్గర కొన్నాడు. మొన్నటి తనిఖీలో అతని పేజీ చూశాం. ఉదయం 5, సాయంత్రం 4. 28 లీటర్ల రోజు మళ్ళీ రాలేదు, గీత కూడా రాలేదు. ఇంటికి వెళితే కొట్టం గోడ మీద సుద్దతో మూడు వరుసలు రాసి ఉన్నాయి. ఈనిన తేదీ, ఎద తేదీలు, సూది వేయించిన తేదీ, ఈనవలసిన తేదీ. రాసేది అతని భార్య. మూడవ వరుసలో చివరి గడి ఖాళీగా ఉన్నది. ఆ గేదెను వచ్చే వారం పరీక్షకు తీసుకువెళతామని ఆమె చెప్పింది.