మేనరికం మాట ఖాయం చేసే ముందు

చి. అమ్మలుకు,

ముప్ఫై నిండకుండానే అన్నయ్యకు పార్కిన్సన్ అన్నారని, నీకూ వస్తుందేమోనని నిద్రపట్టడం లేదని రాశావు. జన్యుపరీక్ష ముందు అన్నయ్యకే చేయించాలమ్మా. అతనిలో ఏ మార్పు ఉందో తేలితేనే నీలో దేన్ని వెతకాలో తెలుస్తుంది.

అంతకన్నా ముందు విల్సన్ జబ్బు కాదని తేల్చుకోండి. ఒంట్లో రాగి పేరుకుపోయే ఆ జబ్బూ చిన్న వయసులో ఇలాగే కనిపించవచ్చు. దానికి మందులున్నాయి. రక్తంలో సెరులోప్లాస్మిన్, కంటి పరీక్ష చేశారా అని మొహమాటపడకుండా అడుగు.

చిన్న వయసు పార్కిన్సన్‌లో తరచుగా బయటపడేది పార్కిన్ జన్యువు. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కణాల్లో పాడైన మైటోకాండ్రియాను ఏరివేయడంలో దానికి పాత్ర ఉంది. ఇందులో ఒక్కోసారి జన్యువు ముక్కలే ఎగిరిపోతాయి, మామూలు సీక్వెన్సింగ్‌కు అవి చిక్కకపోవచ్చు. ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తే డిలీషన్లు, డూప్లికేషన్లు కూడా చూశారా అని అడగండి.

అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే ఈ జబ్బు. అన్నయ్యది ఇదే అయితే, పుట్టుకతో నీకు ఆ రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్కటే వచ్చి ఉండే అవకాశం సగం. అమ్మానాన్నలది మేనరికం కాబట్టి ఒకే పూర్వీకుల నుంచి ఇద్దరికీ అది దిగి ఉండవచ్చు. అమ్మ తనను తాను తిట్టుకుంటోందట, వద్దని చెప్పు. ఒక్క ప్రతి ఉన్నవాళ్లకు బయటికి ఏమీ తెలియదు.

నాకు అసలు బెంగ నీ పెళ్లి గురించి. అమ్మమ్మ నిన్ను మామయ్య కొడుక్కే ఇవ్వాలంటోంది. అమ్మలో ఆ మార్పు ఉంటే తోబుట్టువులం కనుక మామయ్యలో, నాలో ఉండే అవకాశం సగం, బావలో కనీసం పావు. జన్యు సలహాదారును కలిసి, నీకూ బావకూ పరీక్షలయ్యేదాకా ముహూర్తం మాట ఎత్తనివ్వకు. అమ్మమ్మకు నేను నచ్చజెబుతాను.

పార్కిన్ వల్ల వచ్చేది సాధారణంగా మెల్లగా ముదురుతుంది, లెవోడోపాకు బాగా లొంగుతుంది, జ్ఞాపకశక్తి చాలామందిలో చెదరదు. ఆ మందుతో ఒళ్లు తనంతట తాను కదలడం మొదలైతే డాక్టరుకు చెప్పాలి, అన్నయ్య మాత్రం సొంతంగా మాత్రలు ఆపకూడదు.

రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి. నా రక్తం ఇవ్వడానికీ వస్తాను.

మీ పిన్ని