సందేహాలు – సమాధానాలు: డిస్కౌంటు ఎక్కడ నేరమవుతుంది?

కంప్యూటర్ చిప్పులు చేసే ఇంటెల్, ఏఎండీ కంపెనీల మధ్య ఏళ్ల తరబడి సాగిన పోటీ తగవు మీద వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు.

మాది సబ్బులు, బిస్కెట్ల ఏజెన్సీ. నెల టార్గెట్ దాటితే కంపెనీ స్కీము కింద అదనంగా కొంత శాతం వేస్తుంది. ఇంటెల్ కంప్యూటర్ కంపెనీలకు ఇచ్చిందీ ఇలాంటి రిబేటే కదా? దానికి కేసులేమిటి, జరిమానాలేమిటి? ఆ లెక్కన మేమూ తప్పు చేస్తున్నట్టా?
– ఒక హోల్‌సేల్ వ్యాపారి, తెనాలి

మీరు నిశ్చింతగా ఉండండి. టార్గెట్ స్కీము తప్పు కాదు. అది పుచ్చుకునేవాడి తప్పు అంతకన్నా కాదు. రెండు సంగతులు కలిసినప్పుడే చట్టం కన్నెర్ర చేస్తుంది. ఇచ్చే కంపెనీ మార్కెట్లో తిరుగులేని స్థానంలో ఉండాలి. ఆ ఇచ్చేదానికి ‘పక్కవాడి సరుకు ముట్టుకోవద్దు’ అన్న షరతు ఉండాలి, పైకి చెప్పినా చెప్పకపోయినా.

మీ కంపెనీ ‘వెయ్యి పెట్టెలు ఎత్తితే ఇంత’ అంటుంది. ఇంటెల్ మీద యూరప్‌లో పోటీ చట్టాన్ని అమలు చేసే యూరోపియన్ కమిషన్ చేసిన ఆరోపణలో లెక్క వేరు. ‘మీరు కొనే మొత్తంలో మా వాటా ఎంత’ అన్నది అక్కడ ప్రశ్న. హెచ్‌పీ తన వ్యాపార డెస్క్‌టాప్‌లలో 95 శాతం ఇంటెల్ చిప్పులే వాడాలి. మరో కంప్యూటర్ కంపెనీ ఎన్‌ఈసీకి ఆ హద్దు 80 శాతం. డెల్‌కైతే నూటికి నూరు. అప్పట్లో కంప్యూటర్లలో వాడే ఎక్స్86 రకం ప్రాసెసర్ల మార్కెట్లో ఇంటెల్ వాటా 70 శాతం పైమాటే.

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు నేను కల్పించినవే, పద్ధతి మాత్రం అసలైనది. ఓ కంప్యూటర్ కంపెనీకి వంద చిప్పులు కావాలి. కొనుగోలుదారులు పేరు చూసి అడుగుతారు కాబట్టి అందులో డెబ్బై ఎలాగూ ఇంటెల్‌వే కొనాలి. పోటీ అంతా మిగిలిన ముప్పై మీదే. చిప్పు వంద రూపాయలు. వందా తన దగ్గరే కొంటే మొత్తం మీద పది శాతం వెనక్కిస్తానంది ఇంటెల్. అంటే బిల్లు 9,000. ముప్పై ఏఎండీ దగ్గర కొంటే రిబేటు మొత్తం ఎగిరిపోయి, ఇంటెల్ డెబ్బైకే 7,000 కట్టాలి. కాబట్టి ఏఎండీ తన ముప్పై చిప్పుల్నీ 2,000కి మించకుండా ఇస్తేనే బేరం కుదురుతుంది. చిప్పుకు 66 రూపాయల చిల్లర. ఇంటెల్ సగటున అమ్ముతున్నది తొంభైకి! ఏఎండీకి తయారీ ఖర్చు డెబ్బై అయిందంటే, ఎంత సమర్థంగా నడిచినా ప్రతి చిప్పు మీదా నష్టమే. పైకి పది శాతంగా కనిపించిన తగ్గింపు, పోటీదారుడి నెత్తిన 33 శాతమై కూర్చుంది.

యూరప్ న్యాయస్థానాల్లో ఏళ్ల తరబడి నలిగిన వాదన ఇదే: ఇంటెల్ అంత సమర్థుడైన పోటీదారుడు ఆ ధరకు గిట్టుబాటు చేసుకోగలడా, లేడా? మీ బిస్కెట్ల కంపెనీకి ఇలాంటి పరీక్ష పెట్టాలంటే ముందు అది మార్కెట్‌ను శాసించే స్థాయిలో ఉందని తేలాలి. తెనాలి బజారులో బిస్కెట్లకు ఆ పరిస్థితి ఉందని నేననుకోను.

ఏఎండీ పది లక్షల చిప్పులు ఉచితంగా ఇస్తామన్నా హెచ్‌పీ వద్దందని ఎక్కడో చదివాను. ఊరికే ఇస్తే ఎవరైనా వద్దంటారా? నమ్మబుద్ధి కావడం లేదు.
– ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

నమ్మాల్సిందే. 2002 నాటి మాట అది. 2005లో ఏఎండీ వేసిన దావాలో ఉంది. 2009లో యూరోపియన్ కమిషన్ తన నిర్ణయం ప్రకటించినప్పుడు కంపెనీ పేరు చెప్పకుండా ఇదే ఉదాహరణ ఇచ్చింది. పది లక్షలు ఇస్తామంటే తీసుకున్నది 1,60,000 మాత్రమే. పై జవాబులోని లెక్క మరోసారి చూడండి. అన్నీ తీసుకుంటే, ఇంటెల్ దగ్గర కొనే మిగతా లక్షలాది చిప్పుల మీద రిబేటు పోతుంది. పోయేది వచ్చేదానికన్నా పెద్దదైతే ఉచితం కూడా ఖరీదైన బేరమే.

రిబేట్లను మించినవి వేరే ఉన్నాయి. హెచ్‌పీ తన ఏఎండీ డెస్క్‌టాప్‌లను చిన్న, మధ్య తరహా సంస్థలకే అమ్మాలనీ, డిస్ట్రిబ్యూటర్ల ద్వారా కాక నేరుగానే అమ్మాలనీ, యూరప్ ప్రాంతంలో విడుదలను ఆరు నెలలు వెనక్కి జరపాలనీ షరతులు పెట్టి డబ్బు ఇచ్చారని కమిషన్ తేల్చింది. ఏసర్, లెనోవో కూడా ఏఎండీ నోట్‌బుక్‌ల విడుదల వాయిదా వేశాయి. నా దృష్టిలో మొత్తం కేసులో అన్నిటికన్నా గట్టి భాగం ఇదే. చిప్పు చవగ్గా అమ్మడానికీ, ఎదుటివాడి చిప్పు ఉన్న పెట్టె దుకాణానికి చేరకుండా ఆపడానికీ మధ్య తేడా తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

మేం ఆస్టిన్ దగ్గర ఉంటాం. ఇక్కడ డెల్‌లో పనిచేసే పాతకాపులు ‘ఆ రోజుల్లో మా లాభమంతా ఇంటెల్ చలవే’ అని నవ్వుతారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

నవ్వులాటకే అన్నా, నియంత్రణ సంస్థ కాగితాల్లోనూ దాదాపు అదే ఉంది. డెల్ లెక్కల మీద అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వేసిన కేసు ప్రకారం, ఇంటెల్ మాత్రమే వాడుతున్నందుకు వచ్చే సొమ్ము 2003 ఆర్థిక సంవత్సరంలో డెల్ నిర్వహణ లాభంలో 10 శాతం. 2006 వచ్చేసరికి 38 శాతం. 2007 ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికంలో 76 శాతం! ఆ సంగతి మదుపుదారులకు చెప్పకుండా దాచారన్నది అభియోగం. 2010 జులైలో డెల్ తప్పు ఒప్పుకోకుండానే, కాదనకుండానే పది కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది. మైకేల్ డెల్ స్వయంగా 40 లక్షల డాలర్లు కట్టారు.

మీరు ఆ ఊరివారు కాబట్టి ఓ మాట. ఏఎండీకి ఆస్టిన్‌లో పెద్ద క్యాంపస్. డెల్ ఆఫీసు పక్కనే రౌండ్ రాక్‌లో. ఇరుగూ పొరుగూ అయి కూడా 2006 దాకా డెల్ కంప్యూటర్లలో ఏఎండీ చిప్పు కనపడలేదు. ఏఎండీని చేర్చుకుంటున్నట్టు డెల్ ప్రకటించాక ఇంటెల్ చెల్లింపులు తగ్గాయి, ఆ త్రైమాసికాల్లో డెల్ లాభం మీద దెబ్బ పడింది.

ఇంటెల్ రూపొందించిన చిప్పుల్ని ఏఎండీ తయారు చేయడమేమిటి? అది కాపీ కాదా? అసలు దొంగే ఫిర్యాదుదారుడైనట్టు లేదూ!
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

దొంగ అనే ముందు ఐబీఎంని అడగాలి. 1981లో ఐబీఎం తన పీసీకి ఇంటెల్ 8088 ఎంచుకుంది. ఒకే సరఫరాదారుడి మీద ఆధారపడడం ఇష్టంలేక రెండో తయారీదారుడు ఉండాలని పట్టుబట్టింది. అందుకే 1982లో ఇంటెల్, ఏఎండీ సాంకేతిక మార్పిడి ఒప్పందం రాసుకున్నాయి. 286 చిప్పు వరకు సాఫీగానే సాగింది. 386 వచ్చేసరికి ఇంటెల్ వివరాలు ఇవ్వనంది. 1987లో తగవు మధ్యవర్తి దగ్గరికి వెళ్లింది. ఈలోగా ఏఎండీ సొంతంగా తంటాలు పడి 1991లో తన 386ను బయటికి తెచ్చింది. 1992లో మధ్యవర్తి ఏఎండీ పక్షాన తీర్పు ఇచ్చారు, 1994లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అంకెల్ని ట్రేడ్‌మార్కుగా ఇవ్వబోమని కోర్టు అనడంతో ఇంటెల్ 586 అనకుండా పెంటియం అనే పేరు వెతుక్కోవడం కూడా ఈ పోరులోని పిట్టకథే.

తర్వాత కథ తిరగబడింది. 64 బిట్ల బాటలో ఇంటెల్ ఇటానియం అనే వేరే దారి పట్టింది. ఏఎండీ ఇంటెల్ పాత చిప్పుల ఎక్స్86 ఆదేశాల పద్ధతినే పొడిగించి 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64 తెచ్చింది. జనం దాన్నే మెచ్చారు. 2004లో ఇంటెల్ కూడా అదే పొడిగింపును తన చిప్పుల్లో పెట్టుకుంది. ఇవాళ మీ ల్యాప్‌టాప్ ఏ కంపెనీదైనా, అందులో ఎక్స్86 చిప్పే ఉంటే, దాని 64 బిట్ల ఆదేశాలు ఏఎండీ గీసినవి.

106 కోట్ల యూరోల జరిమానా అన్నారు. అది ఏఎండీకి ముట్టిందా? అసలు కట్టారా?
– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

కట్టారు. తర్వాత తిరిగి పుచ్చుకున్నారు. ఏఎండీకి అందులోంచి ఒక్క యూరో రాలేదు. జరిమానా అంటే యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌కు వెళ్లేది.

ఏఎండీ యూరప్‌లో ఫిర్యాదు చేసింది 2000లో. జరిమానా పడింది 2009 మే 13న. 2014లో కింది కోర్టు సరేనంది. 2017లో పై కోర్టు, ఇంటెల్ ఆర్థిక వాదనల్ని సరిగా పరిశీలించలేదంటూ కేసును వెనక్కి పంపింది. 2022 జనవరిలో ఆ కింది కోర్టే, రిబేట్ల దెబ్బను లెక్కగట్టడంలో కమిషన్ తప్పులు చేసిందని చెప్పి జరిమానా మొత్తం కొట్టేసింది. విడుదలలు ఆపించడానికి ఇచ్చిన డబ్బు మాత్రం అక్రమమేనన్న నిర్ధారణ మిగిలింది. ఆ ఒక్కదాని మీద కమిషన్ 2023 సెప్టెంబరులో 37.6 కోట్ల యూరోల కొత్త జరిమానా వేసింది, ఇంటెల్ మళ్లీ కోర్టుకెక్కింది. రిబేట్ల భాగాన్ని బతికించుకోవాలని కమిషన్ చేసిన అప్పీలు 2024 అక్టోబరులో వీగిపోయింది. కోర్టు వాయిదాల సంగతి మనకు కొత్త కాదు గానీ, యూరప్ మనకేమీ తీసిపోలేదు.

ఏఎండీ చేతికి సొమ్ము వచ్చింది వేరే దారిన. 2005 జూన్‌లో డెలావేర్‌లో వేసిన దావా 2010 మార్చిలో విచారణకు రావాల్సి ఉండగా, 2009 నవంబరు 12న ఇంటెల్ 125 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. పేటెంట్లు పరస్పరం వాడుకునే ఒప్పందం కూడా అందులో భాగమే. నన్నడిగితే డబ్బు కన్నా విలువైంది అదే. ఎందుకంటే ఏఎండీ అప్పటికే ఫ్యాక్టరీలను విడదీసింది. అవి అబుదాబి పెట్టుబడితో గ్లోబల్‌ఫౌండ్రీస్ అయ్యాయి. సొంత ఫ్యాక్టరీ లేకుండా ఎక్స్86 చిప్పు చేయించుకునే హక్కు మీద ఇంటెల్ పేచీ పెట్టింది, ఆ పేచీ రాజీతో సమసింది. నేటి ఏఎండీ బతుకుతెరువు ఆ హక్కే.

జపాన్ మాత్రం ఇలాంటి ఆరోపణలనే త్వరగా తేల్చింది. 2004 ఏప్రిల్‌లో సోదాలు, 2005 మార్చిలో నిర్ణయం. జరిమానా లేదు, షరతులు ఎత్తేయమని ఆదేశమే. ఇంటెల్ ఆరోపణలను ఒప్పుకోకుండానే ఆదేశాన్ని ఒప్పుకుంది. నన్నెంచుకోమంటే పదమూడేళ్ల తర్వాత వాపసయ్యే వంద కోట్ల కన్నా ఏడాదిలో వచ్చే ఈ చప్పటి ఆదేశాన్నే ఎంచుకుంటాను.

ఏఎండీ వెనకబడింది తన చేతకానితనం వల్ల కాదూ? అన్నీ ఇంటెల్ మీదకే తోస్తే ఎలా?
– ఒక గేమింగ్ అభిమాని, విశాఖపట్నం

కొంత నిజం. 2007లో తెచ్చిన బార్సిలోనా సర్వర్ చిప్పు ఆలస్యంగా వచ్చింది, పైగా లోపంతో వచ్చింది. అంతకుముందు ఏడాదే గ్రాఫిక్స్ కంపెనీ ఏటీఐని కొని అప్పుల్లో మునిగింది. ఇంటెల్ కోర్ 2 చిప్పులు నిజంగానే బాగున్నాయి. ఇవన్నీ 2006 మధ్య నుంచి మొదలైన మాటలు. ఏఎండీ చిప్పు మేలైనదని పరీక్షల్లో తేలిన రోజులు 2003 నుంచి 2006 దాకా. డెల్, హెచ్‌పీ, ఏసర్‌లకు సంబంధించిన ఆరోపణలు ఎక్కువ భాగం సరిగ్గా ఆ రోజులవే. మంచి సరుకున్నప్పుడు అమ్ముకోనివ్వకపోతే, తర్వాతి సరుకు తయారీకి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? ఈ వెనకబాటులో ఇంటెల్ పాత్ర ఎంతో, ఏఎండీ సొంత చేతకానితనం ఎంతో ఏ కోర్టూ విడదీసి చెప్పలేదు.

చివరికి ఏఎండీని నిలబెట్టింది కోర్టులూ కావు. 2017లో వచ్చిన రైజెన్ చిప్పులు. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్ అనే చిప్పుల కంపెనీని కలుపుకున్నాక ఏఎండీ మార్కెట్ విలువ ఇంటెల్‌ను దాటింది. ఆ జైలింక్స్‌కు మన హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉంది కాబట్టి ఈ మలుపు మనవాళ్లు చాలామందికి నేరుగా తెలిసిందే.

మా అబ్బాయి దుబాయ్ నుంచి ఇంటెల్ ప్రాసెసర్ తెస్తానంటున్నాడు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో అసెంబుల్ చేయించుకుందామని. వారంటీ రాదని దుకాణాయన భయపెడుతున్నాడు. మన దగ్గర ఇలాంటివి అడిగే దిక్కు లేదా?
– ఒక గృహిణి, మల్కాజిగిరి

దిక్కుంది. కాంపిటీషన్ కమిషన్, ఢిల్లీలో. ఇంటెల్ మీద అక్కడికి ఫిర్యాదులు వెళ్లాయి కూడా. ఒక డిస్ట్రిబ్యూటర్ పెట్టిన కేసులో, ఇంటెల్‌ది ఆధిపత్య స్థానమేననీ, దాన్ని దుర్వినియోగం చేసినట్టు మాత్రం రుజువు కాలేదనీ 2014లో కమిషన్ తేల్చింది. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది మరొకటి. పెట్టెలో అమ్మే ప్రాసెసర్లకు ఇక్కడి అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొంటేనే భారత్‌లో వారంటీ అని ఇంటెల్ 2016లో నియమం పెట్టింది. బయటినుంచి చవగ్గా తెచ్చి అమ్మే ఒక వ్యాపార సంస్థ ఫిర్యాదు చేయగా 2019లో కమిషన్ విచారణకు ఆదేశించింది. కాబట్టి మీ దుకాణాయన భయం గాల్లోంచి పుట్టింది కాదు.

అబ్బాయికి చెప్పండి: పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్ కాకుండా సీల్ ఉన్న పెట్టె కొనమనండి, బిల్లు భద్రంగా పెట్టమనండి. కొనేముందే పెట్టె మీది సీరియల్ నంబరుతో ఇంటెల్ సపోర్ట్‌ను అడిగి, భారత్‌లో వారంటీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి. సీటీసీలో అదే చిప్పు ధర కూడా కనుక్కోండి. తేడా వెయ్యి, రెండు వేలే అయితే ఇక్కడే కొనండి.