చివరి కొళాయిలో ఎంత పసుపు?

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో ఒక ఊరు. ఊరి మొదట్లో నీళ్ల ట్యాంకు. ఊరి చివర మగ్గాల వీధి. ఆ వీధిలో ఆఖరి ఇంట్లో రెండేళ్ల పాప. పాపకు రెండు రోజులుగా విరేచనాలు.

ఆశా కార్యకర్త వచ్చింది. ఓఆర్‌ఎస్ పొట్లం ఇచ్చింది.

"పాపకు ఏ నీళ్లు తాపుతాండావమ్మా?" అని అడిగింది.

"కొళాయి నీళ్లే అక్కా. అద్దం మాదిరి తేటగా ఉండాయి" అంది తల్లి.

తేటగా ఉంటే చాలా? రోగం తెచ్చే క్రిములు కంటికి కనపడవు. ముక్కుకు వాసనా రాదు.

ఈ పక్క ఊళ్లకు తుంగభద్ర దిగువ కాలువే పెద్ద ఆధారం. హొస్పేట దగ్గరి డ్యాం నుంచి ఆ నీళ్లు ఎన్నో ఊళ్లు దాటి వస్తాయి. దారిలో గొడ్లు దిగుతాయి. బట్టలు ఉతుకుతారు. అందుకే తాగేముందు నీళ్లను వడగట్టాలి. క్లోరిన్ కలపాలి. క్లోరిన్ క్రిములను చంపుతుంది. చంపిన తర్వాత కూడా కొంచెం మిగలాలి. పైపులో మురికి కలిస్తే ఆ మిగిలిందే కాపాడుతుంది.

ఎంత మిగలాలి? ఇంటి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. అంటే ఐదు లీటర్ల నీళ్లలో ఒక్క మిల్లీగ్రాము. గ్రామును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం! దాన్ని చూపించేదే చుక్కల మందు. పట్నాల్లో ఈత కొలనుల నీళ్లను కూడా ఇట్లాంటి చుక్కలతోనే చూస్తారు. ఆ నీళ్లకు క్లోరిన్ ఇంకా ఎక్కువ కావాలి.

2019లో జల జీవన్ మిషన్ మొదలైంది. ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలని అందులో నియమం పెట్టారు. ఈ ఊళ్లో నేర్చుకున్నవాళ్లలో ఇద్దరు పెట్టె తీసుకొని పాప ఇంటికి వచ్చారు. ఒకామె పెద్దది. ఇంకొకామె చిన్నది.

చిన్నామె గాజు గొట్టంలో నీళ్లు పట్టింది. చుక్కలు వేసింది. రంగుల కార్డు ఇంట్లో మరిచి వచ్చింది. పోయి తెచ్చేసరికి పావుగంట అయింది. గొట్టంలో నీళ్లు పసుపుగా ఉన్నాయి. కార్డుతో పోల్చింది. 0.5 వచ్చింది.

"నీళ్లు బాగుండాయి అక్కా. రాసుకో" అంది.

పెద్దామె రాయలేదు. "చుక్కలు వేసి ఎంతసేపయింది? మళ్లా చేద్దాం పట్టు" అంది.

ముందు మందు సీసా తిప్పి చూసింది. దాని మీద గడువు తేదీ ఉంటుంది. నెల, సంవత్సరం కూడబలుక్కొని చదివింది. గడువు దాటలేదు. దాటి ఉంటే ఆ మందును నమ్మకూడదు. ఎండలో పెట్టిన మందు కూడా పాడవుతుంది.

కొళాయి తిప్పి కాసేపు నీళ్లు వదిలింది. అదే నీళ్లతో గొట్టాన్ని మూడుసార్లు కడిగింది. గొట్టాన్ని కంటికి ఎదురుగా పట్టుకొని సరిగ్గా గీత దాకా నింపింది. పైనుంచి చూస్తే గీత తప్పుతుంది. సీసాను నిలువుగా వంచింది. ఏటవాలుగా పడితే ఒక చుక్క పెద్దది, ఒక చుక్క చిన్నది పడుతుంది. ఎన్ని చుక్కలు వేయాలో పెట్టె మీద రాసి ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. చదివి, పైకి లెక్కపెడుతూ వేసింది. మూత బిగించి కలిపింది. చిన్నామె వేలు అడ్డం పెట్టబోతే వద్దంది. వేలి మురికి నీళ్లలో కలుస్తుంది. పైగా మందులో యాసిడ్ ఉంటుంది.

వెనక తెల్ల కాగితం పెట్టి నీడలో చూశారు. అంకెలు లెక్కపెట్టారు. పది అయ్యేసరికి చూడాలి.

నీళ్లకు రంగే రాలేదు.

"ఇందాక పసుపు వచ్చిందే!" అంది చిన్నామె.

మంచి క్లోరిన్ ఉంటే వెంటనే పసుపు వస్తుంది. మురికితో కలిసి బలం తగ్గిన క్లోరిన్ మెల్లగా పసుపు తెస్తుంది. ఆలస్యంగా చూస్తే రెండూ కలిపి కనపడతాయి. ఇందాక వచ్చిన పసుపు మంచి క్లోరిన్‌ది కాదు. ఆ 0.5 రాసుకొని ఉంటే పాప అవే నీళ్లు తాగుతూ ఉండేది.

పరీక్ష చేసిన నీళ్లు తాగకూడదు. పారబోసి గొట్టం కడిగారు. పెట్టెలో ఇంకో సీసా ఉంది. మలం నుంచి వచ్చే క్రిములున్నాయేమో అది చెబుతుంది. ఈ పరీక్షను గ్వాలియర్ శాస్త్రవేత్తలు 1982లో వెల్లడి చేశారు. దాన్లో నీళ్లు పోసి ఇంట్లో వెచ్చని చోట పెట్టారు. మరుసటి రోజుకు నీళ్లు నల్లబడ్డాయి. నల్లబడితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

అయితే తప్పు ఎక్కడ? ట్యాంకు దగ్గర చూశారు. 0.5 ఉంది. వీధి మొదట్లో 0.5. మురుగు కాలువ దాటిన ఇంట్లో ఏమీ లేదు. వాటర్‌మన్‌ను పిలిచి మురుగు కాలువలో వెతికించారు. పైపు జాయింటు వదులైంది. నీళ్లు వదిలినప్పుడు కారుతుంది. నీళ్లు ఆపినప్పుడు మురుగును లోపలికి లాక్కుంటుంది. ట్యాంకులో ఎంత క్లోరిన్ కలిపినా ఏం లాభం?

జాయింటు మార్చడానికి మూడు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆ వీధివాళ్లు నీళ్లు బాగా మరిగించి తాగారు. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు. బోరు నీళ్లు తాగేవాళ్లు ఫ్లోరైడుకు వేరే పరీక్ష చేయించుకోవాలి.

నాలుగో రోజు ఇద్దరూ ఆఖరి ఇంటికి వచ్చారు. ఈసారి చిన్నామే చుక్కలు వేసింది. పది లెక్కపెట్టే లోపల లేత పసుపు వచ్చింది. నోటు పుస్తకంలో తేదీ, ఇంటి నంబరు, 0.2 అని రాసింది. వారం తర్వాత మళ్లా చూడాలని పక్కన గుర్తు పెట్టుకుంది.

లెక్క చేయండి: తేట నీళ్లయితే 1000 లీటర్లకు కనీసం రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కావాలి. కలిపిన తర్వాత అరగంట ఆగాలి. మీ వీధి ట్యాంకులో 20,000 లీటర్లు పడితే ఎన్ని గ్రాములు కావాలి? ఉదయం 6 గంటలకు కలిపితే నీళ్లు ఎన్ని గంటలకు వదలాలి?