బేరి చెట్టా, గడ్డి దుబ్బా: తొలకరిలో తేల్చుకోవలసిన మాట

మృగశిర కార్తె వచ్చిందంటే చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ముందు జనం బారులు తీరతారు. ఆ రోజుల్లోనే అబిడ్స్, నాంపల్లి, బొగ్గులకుంట పాత ఇళ్ల పెరళ్లలో, బడుల, కార్యాలయాల ఆవరణల్లో మొక్కలు నాటే పని కూడా మొదలవుతుంది. కొందరు అందానికి గడ్డి దుబ్బులు నాటుదామనుకుంటారు. కొందరికి పండ్ల చెట్టు మీద మనసు. అందులోనూ మొజంజాహీ మార్కెట్ దుకాణాల్లో నాష్పాతి పేరుతో కనిపించే బేరి మీద. ఈ రెండింటినీ పోల్చేటప్పుడు నీరెంత, ఎరువెంత, ఎండ ఎంత అని అడుగుతుంటారు. అవన్నీ తర్వాతి ప్రశ్నలు. ఈ మొక్క ఏడాదిలో ఎప్పుడు నిద్రపోతుంది, ఆ నిద్రకు ఏం కావాలి, అది మన ఊళ్లో దొరుకుతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. దీనికి జవాబు దొరికితే నాటడం, కోయడం, నీరు పెట్టడం అన్నీ దాని వెంటే తేలతాయి.

బేరి చలికి నిద్రపోయే చెట్టు. ఆకు రాల్చాక దాని మొగ్గలు మళ్లీ మేలుకోవాలంటే 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన కొన్ని వందల గంటల చలి తగలాలి. కశ్మీర్, హిమాచల్ తోటల్లో పెంచే మేలు రకాలకు 800 గంటలు, అంతకు మించి కూడా కావాలి. ఆ చలి అందకపోతే చెట్టు చావదు. ఆకులు ఆలస్యంగా, అక్కడక్కడా వస్తాయి. పూమొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. మరి మన చలి ఎంత? హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8న. అంటే నగరం రికార్డుల్లోకెల్లా అతి చల్లని రాత్రి కూడా బేరి అడిగే గీత కిందికి ఒక్క డిగ్రీ దిగింది, అంతే. మామూలు డిసెంబరు రాత్రులు 14, 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. అబిడ్స్ లాంటి చోట పగలంతా వేడెక్కిన సిమెంటు గోడలు ఆ వేడిని రాత్రంతా వదులుతూ ఉంటాయి కాబట్టి అక్కడ చలి ఇంకా తక్కువ. నేల సంగతికొస్తే బేరికి పెద్దగా పట్టింపు లేదు. బరువు నేలనూ కొంత తడినీ పీచ్ కంటే బాగానే ఓర్చుకుంటుంది. కాబట్టి మట్టి మార్చి, ఎరువు పెంచి ఫలితం రాబట్టాలనుకుంటే ఆ ఖర్చు వృథా. లోపం నేలలో లేదు, జనవరిలో ఉంది.

తక్కువ చలి చాలే రకాలున్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. పంజాబ్ మైదానాల్లో పండించే పత్తర్‌నాఖ్‌కు దాదాపు 150 గంటలు చాలని చెబుతారు. కానీ పంజాబ్‌లో పొగమంచు కమ్మిన జనవరి పగళ్లు కూడా చల్లగానే ఉంటాయి. ఇక్కడ పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఏ ఏడాదైనా కొన్ని తెల్లవారుజాములు వణికించినా, మధ్యాహ్నానికి ఎండ 28 డిగ్రీలకు చేరి రాత్రి కూడిన చలిని చాలావరకు చెరిపేస్తుంది. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల తోడ్పాటుతో ఆపిల్ కాయించి 2020లో కోత కోశారు, అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదంటారు. మెచ్చుకోవలసిన శ్రమే అది. అయితే అది మన రాష్ట్రంలో చలి అన్నిచోట్ల కంటే ముందు దిగే అడవి ప్రాంతం, పైగా తక్కువ చలికే కాసే ఆపిల్ రకాన్ని చూసి ఎంచుకున్న సాగు. దక్షిణాదిలో బేరి నిలదొక్కుకున్నది నీలగిరుల్లో, కొడైకెనాల్‌లో, 2000 మీటర్ల ఎత్తు దరిదాపుల్లో. మన నగరం ఎత్తు 540 మీటర్లు. ఆసిఫాబాద్ అనుభవం చెప్పేది కూడా చలి ఉన్న చోటే చలి పంట అని. దాన్ని నాంపల్లికి సాక్ష్యంగా తేలేం.

గడ్డి దుబ్బుల నిద్ర వేరు. ఫౌంటెన్ గ్రాస్, నిమ్మగడ్డి, వట్టివేరు మండే ఎండలో ఏపుగా పెరిగే జాతులు. వాటిని నిద్రపుచ్చేది నీటి ఎద్దడి. మార్చి నుంచి మే వరకు నీరు తగ్గితే పైన ఎండి, మొదట్లో ప్రాణం దాచుకుని, తొలివానకు పిలక వేస్తాయి. ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరుల మధ్యే కురిసే ఈ ఊరికి సరిగ్గా సరిపోయే నడవడిక ఇది. అందుకే చలిదేశాల తోటపని పుస్తకాల్లోని తేదీలు మనకు పనికిరావు. చలి వదిలాక, కొత్త చిగురుకు ముందు కోయమని అవి చెబుతాయి. అక్కడ అది నిజం. మనం ఆ మాట పట్టుకుని ఫిబ్రవరిలో దుబ్బును నేలమట్టం చేస్తే, ఎండు ఆకుల నీడ లేని మొదలు నేరుగా ఏప్రిల్ ఎండకు చిక్కుతుంది. మనకు తగిన అదను మే ఆఖరు నుంచి తొలకరి లోపల. ఎండిన దుబ్బును తాడుతో కట్టి, నేలకు జానెడు ఎత్తున పదునైన కొడవలితో కోయాలి. రెండు మూడేళ్లకు నడుమ బోలుపడిన దుబ్బును తవ్వి, బయటి పిలకలను వేరుచేసి, వానలు కుదురుకున్నాక ఆరుద్ర కార్తెలో రెండడుగుల ఎడంతో నాటాలి. తొలి నాలుగైదు వారాలు వాన తప్పితే నీరివ్వాలి. నాటేటప్పుడు రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు చాలు. యూరియా చల్లితే ఆకు బలహీనంగా పొడుగు సాగి, మొదటి గాలివానకే పడిపోతుంది.

కత్తి పట్టే తీరులోనూ రెండింటికీ పొత్తు లేదు. గడ్డి ఆ ఏటి పిలక మీదే పూస్తుంది కాబట్టి జానెడు మొదలు ఉంచి మిగతాదంతా కోసినా నష్టం లేదు. బేరి పాత కొమ్మల మీది పొట్టి కణుపుల్లో, ముందు ఏడాదే కట్టిన మొగ్గల నుంచి పూస్తుంది. ఒక్కో కణుపు ఏళ్ల తరబడి కాస్తుంది. అడ్డదిడ్డంగా నరికితే పోయేది రాబోయే కాపే. చాలా రకాలకు పక్కన వేరే రకం చెట్టు కూడా కావాలి. ఇరుకు పెరట్లో రెండు చెట్లకు చోటిచ్చి, రాని చలి కోసం ఏళ్లు ఎదురుచూడమని ఎవరికీ చెప్పలేను.

గడ్డి మీద అభ్యంతరాలు లేకపోలేదు, అవి తీసిపారేయదగినవీ కావు. పచ్చ రకం ఫౌంటెన్ గ్రాస్ విత్తనం గాలికి ఎగిరి ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఊదా రంగు రకం దాదాపు గొడ్డుది, దాన్నే అడిగి కొనండి. మన దక్షిణాది వట్టివేరు పిలకలతోనే పెరుగుతుంది, ప్రాకదు. లోతుకు దిగే వేళ్లతో మట్టిని కట్టిపడేస్తుంది. పురుగూ పుట్రా చేరుతుందన్న భయానికి మొదళ్లలో చెత్త తీయడం, దుబ్బులను గోడకు ఆనకుండా నాటడం విరుగుడు. వేసవిలో ఎండిన గడ్డి నిప్పుకు వెంటనే అంటుకుంటుంది. కాబట్టి కరెంటు మీటర్ల దగ్గర, వంటశాలల పక్కన నాటవద్దు.

తినడానికి గడ్డేమిస్తుంది అన్నది న్యాయమైన ప్రశ్న. నిమ్మగడ్డి చాయ్‌కి ఆకు ఇస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. పండే కావాలంటే గడ్డిలాగే మన ఎండాకాలపు ఆరుదలకు ఆకు రాల్చి, వేసవి వానకు చిగిర్చే చెట్టు ఉంది: సీతాఫలం. పాలమూరు బాలానగర్ రకం మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది, గులక నేలనూ భరిస్తుంది. నాటేవారు అంటు మొక్కల కోసం సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రాన్ని, నిమ్మగడ్డి పిలకల కోసం బోడుప్పల్‌లోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రాన్ని సంప్రదించండి. సందేహాలుంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని ఉద్యానశాఖ కార్యాలయం అబిడ్స్, నాంపల్లి వారికి నడిచివెళ్లే దూరమే. బేరిని మాత్రం మార్కెట్లో కొనుక్కోండి, పెరట్లో నాటకండి.