ప్రాసెసర్ కాగుతోంది, కూలర్ చల్లగా ఉంది!

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, కంప్యూటర్ పెట్టె మూత తియ్యాలంటే మనలో చాలామందికి ఎక్కడలేని బద్ధకం. నేనూ అంతే. ఎవరి సర్వర్లో ఏ బగ్ ఉందో వెతికిపెట్టి పొట్టపోసుకునే నేను, ఇంట్లో కొత్తగా అసెంబుల్ చేసిన కంప్యూటర్లో చిన్న లోపం పట్టుకోడానికి రెండు రాత్రులు తీసుకున్నాను. పైగా ఆ నేరం మా అమ్మాయి మీద మోపాను.

తనకి తొమ్మిదేళ్ళు. క్రిస్మస్ సెలవుల్లో, న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంటులో భాగాలన్నీ పరుచుకుని కూర్చున్నాం. ప్రాసెసర్ ఏఎండీ వారి రైజెన్ 5 7600. దానితో పాటు ఒక చిన్న కూలర్ వస్తుంది గానీ, శబ్దం తక్కువని విడిగా టవర్ కూలర్ కొన్నాను. థర్మల్ పేస్టు పెట్టే పని తనకిచ్చాను. బఠాణీ గింజంత పెట్టింది. కూలర్ నేను బిగించాను. స్విచ్ నొక్కగానే తెర వెలిగింది, ఇద్దరం చప్పట్లు కొట్టాం.

ఆ సంబరం బయాస్ తెర చూసేదాకానే. ఏ పనీ లేకుండానే ప్రాసెసర్ 62 డిగ్రీల సెంటీగ్రేడ్! విండోస్ ఎక్కించి సినీబెంచ్ నడిపితే పది సెకన్లలోపే 95. ఈ మోడల్‌కి అదే గరిష్ఠ పరిమితి. అక్కడికి చేరితే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు.

"పేస్టు సరిగ్గా పెట్టలేదు నువ్వు" అన్నాను. తనేమీ మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నేను చేసినవన్నీ తప్పులే. బయాస్ అప్‌డేట్ చేశాను, ఫ్యాన్ల వేగం పెంచాను, ఇంకో ఫ్యాను తగిలించాను. అన్నీ ఒకేసారి! ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా నాలుగు మార్పులు కలిపి చేస్తే ఊరుకుంటామా? ప్రాసెసర్‌ని షాపుకి తిప్పి పంపేద్దామని ఫారం కూడా సగం నింపాను.

రెండో రాత్రి కాస్త నిదానంగా ఆలోచించాను. వేడి ప్రయాణించే దారి ఒకటుంది: సిలికాన్ చిప్పు, దాని పైనున్న లోహపు మూత, పేస్టు, కూలర్ అడుగు, రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, చివరికి గాలి. ఈ గొలుసులో ఎక్కడ తెగిందో కనుక్కోవాలి, అంతే. సినీబెంచ్ మళ్ళీ నడిపి, తిరిగే రెక్కలకు దూరంగా, రాగి గొట్టాన్ని వేలితో తాకి చూశాను. తెర మీద 95, గొట్టం మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. పొయ్యి భగభగ మండుతోంది, పెనం చల్లగా ఉంది! అంటే వేడి కూలర్ దాకా రావడమే లేదన్న మాట.

కరెంటు తీసేసి కూలర్ విప్పాను. అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, రవాణాలో గీతలు పడకుండా అంటించింది, అలాగే ఉంది. బిగించే ముందు దాన్ని తీయాల్సింది నేను. తను పెట్టిన పేస్టు దాని కింద చక్కగా, సమానంగా పరుచుకుని ఉంది.

ఇంత పల్చని పొర అంత పని చేస్తుందా అంటారా? లెక్క చూద్దాం. ఇది ఓమ్ సూత్రం లాంటిదే: ఉష్ణోగ్రతలో తేడా అంటే వాట్లను ఉష్ణ నిరోధంతో గుణించడం. ప్లాస్టిక్ ఉష్ణవాహకత సుమారు 0.2, మామూలు పేస్టుది 5 అనుకుందాం, రాగిది 400 దగ్గర. పొర మందం 0.05 మిల్లీమీటర్లు, వైశాల్యం 3 సెంటీమీటర్ల చదరం అనుకుంటే నిరోధం వాటుకి 0.28 డిగ్రీలు. ఈ ప్రాసెసర్ మామూలు సెట్టింగుల్లో 88 వాట్ల దాకా తీసుకుంటుంది. అంటే ఒక్క పొర వల్లే దాదాపు 25 డిగ్రీలు అదనం. అంతే మందమున్న పేస్టయితే ఒక్క డిగ్రీ!

మీకూ ఈ సమస్య వస్తే, విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లినక్స్‌లో సెన్సర్స్ కమాండ్ తెరిచి, అంకెతో పాటు అది ఎలా పెరుగుతోందో కూడా చూడండి.

1. సెకన్లలో గరిష్ఠానికి చేరి, కూలర్ చల్లగా ఉంటే: ప్లాస్టిక్ పొర, పేస్టు, వదులు స్క్రూలు. స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.
2. కూలర్ కూడా కాలుతుంటే: ఫ్యాను తిరుగుతోందా? మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే తగిలించారా?
3. పది పదిహేను నిమిషాల్లో మెల్లగా పెరిగి, పక్క పలక తీస్తే తగ్గితే: పెట్టెలో గాలి ఆడడం లేదు.
4. లిక్విడ్ కూలర్లో ఒక గొట్టం కాలుతూ రెండోది చల్లగా ఉంటే: పంపు ఆగిపోయి ఉండవచ్చు.
5. ఇవన్నీ బాగుంటే అప్పుడు బయాస్‌లో వోల్టేజి, పవర్ పరిమితులు చూడండి.

ఒక హెచ్చరిక. 95 కనబడగానే కంగారు వద్దు. 2022లో రైజెన్ 7000 వరుస వచ్చినప్పుడు, పెద్ద మోడళ్ళు పూర్తి భారంలో అంత దాకా వెళ్ళడం లోపం కాదని ఏఎండీయే చెప్పింది. ఊరికే కూర్చున్నప్పుడు 60 దాటడం, సెకన్లలో 95కి ఎగబాకడం, ఇవి కలిస్తేనే అనుమానించాలి. ఇంకొకటి, కూలర్ ఒకసారి విప్పితే పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టాల్సిందే.

మర్నాడు పొద్దున్న ఆ పొర తెచ్చి మా అమ్మాయికి చూపించి, తప్పు నాదేనని చెప్పాను. రెండోసారి పేస్టు కూడా తననే పెట్టమన్నాను. ఇప్పుడు ఖాళీగా 41, పూర్తి భారంలో 68. ఆ ప్లాస్టిక్ పొర మాత్రం పారెయ్యనివ్వలేదు. "నాన్న బగ్" అని కాగితం మీద రాసి, రెండూ కలిపి కంప్యూటర్ పెట్టెకి అంటించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.